డయాలసిస్‌కు ముందు ఒక పరీక్ష

నడుము నొప్పికి మందుల షాపులో మాత్రల పట్టీ కొనుక్కోవడం మన ఊళ్లలో వైద్యం కిందే లెక్క. అరవై దాటిన మనిషైతే నొప్పిని వయసు మీదికి, నీరసాన్ని తిండి మీదికి నెట్టేస్తారు. నెలలు గడిచి, ఆయాసం ముదిరి ఆస్పత్రికి వెళ్తే రక్తం ఎనిమిది గ్రాములు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆరు! మాత్రలు మింగి కిడ్నీలు పోగొట్టుకున్నాడని తీర్పు చెప్పి డయాలసిస్ మొదలుపెడతారు. అలాంటి వారిలో కొందరి అసలు జబ్బు కిడ్నీలో కాదు, ఎముకల మూలుగలో ఉంటుంది.

దాని పేరు మల్టిపుల్ మైలోమా. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరిగే అరుదైన క్యాన్సర్ ఇది. యాంటీబాడీలు తయారుచేయాల్సిన ఈ కణాలు ‘లైట్ చెయిన్లు’ అనే ప్రోటీన్ ముక్కల్ని రక్తంలోకి కుమ్మరిస్తాయి. అవి కిడ్నీ వడపోత దాటి, సన్నని నాళికల్లో మరో ప్రోటీన్‌తో పెనవేసుకుని బిరడాల్లా బిగుసుకుంటాయి. నొప్పి మాత్రలు, ఒంట్లో నీరు తగ్గడం ఆ పనిని తొందరచేస్తాయి. అంటే మాత్రలపై వేసిన నింద సగం నిజమే. ఆ సగం దగ్గరే విచారణ ఆగిపోతోంది.

మూత్రంలో ముంచే రంగుపట్టీ ప్రధానంగా ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌నే పడుతుంది; లైట్ చెయిన్లు దాని కన్నుగప్పుతాయి. కాగితంపై ‘ట్రేస్’ (లేశమాత్రం) అని వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. 1845లో లండన్‌లో ఒక కిరాణా వర్తకుడి మూత్రం వేడిచేసి ఆమ్లం కలిపితే తేటపడింది, చల్లారాక మళ్లీ గడ్డకట్టింది. ఆ వింతను హెన్రీ బెన్స్ జోన్స్ పరిశీలించారు. అందులో ఉన్నది ఈ లైట్ చెయిన్లే; ఆ ప్రోటీన్ ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మరింత జాగ్రత్త కావాలి. కారణం తేలని అక్కడి కిడ్నీ వ్యాధిలోనూ మూత్రంలో ప్రోటీన్ తక్కువే కనిపిస్తుంది. క్రియాటినిన్ పెరిగిన ప్రతి మనిషినీ ఊరి జబ్బు ఖాతాలో వేసే అలవాటు అక్కడ సులభంగా పాతుకుపోగలదు.

రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూపే సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, లైట్ చెయిన్లను కొలిచే ఫ్రీ లైట్ చెయిన్ల పరీక్ష కలిపి చేస్తే చాలావరకు గుట్టు తెలుస్తుంది. రెండింటికీ కావలసింది కాస్త రక్తం. 2003లో అమెరికాలో అనుమతి పొందిన మైలోమా మందు బోర్టెజోమిబ్‌ను డయాలసిస్ రోగులకూ మోతాదు తగ్గించకుండా ఇవ్వవచ్చు. లైట్ చెయిన్లు త్వరగా తగ్గితే కొందరు డయాలసిస్ నుంచి బయటపడతారు. ఆలస్యమైతే ఆ అవకాశం చేజారుతుంది.

డయాలసిస్ యంత్రాల సంఖ్య చెప్పుకునే ప్రభుత్వాలు రోగి నమోదు పత్రంలో ఒక గడి చేర్చాలి: యాభై దాటి, కారణం తెలియకుండా కిడ్నీ దెబ్బతిని, రక్తహీనత లేదా ఎముకల నొప్పి ఉన్నవారికి ఈ పరీక్షలు చేశారా? ఇప్పటికే డయాలసిస్‌లో ఉన్నవారినీ వదలకూడదు. ఈ నెల చేరిన వారితో మొదలుపెట్టాలి.