ఆ నొప్పికి మందుంది

రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకిన మనిషి మంచం మీద ఒత్తిగిలలేదు. దిండుకు ఆనుకుని కూర్చునే తెల్లవారుస్తుంది. ఉదయగిరి నుంచి నెల్లూరు ఆసుపత్రికి బస్సులో వస్తుంటే గతుకు గతుకుకూ ప్రాణం పోయినంత పనవుతుంది. ఆమెతో ‘క్యాన్సరన్నాక నొప్పి ఉండదా, ఓర్చుకోవాలి’ అనడం వైద్యం కాదు.

ఈ నొప్పిని తగ్గించడానికి మెదడు అడుగున శనగగింజంత ఉండి ఒంట్లో హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథి దాకా వెళ్లిన వైద్యులున్నారు. 1950ల తొలినాళ్లలో స్టాక్‌హోంలో లుఫ్ట్, ఒలివెక్రోనా రొమ్ము క్యాన్సర్ ముదిరినవారికి ఆ గ్రంథిని తీసేశారు. హార్మోన్లు ఆగితే కణితి తగ్గుతుందని వాళ్ల ఆలోచన. కణితి తగ్గనివారిలోనూ కొందరికి నొప్పి మాత్రం పోయింది! తర్వాత రోమ్‌లో మోరిక్కా పుర్రె తెరిచే పని లేకుండా, ముక్కులోంచి సూదిని గ్రంథి దాకా పంపి ఆల్కహాల్ ఎక్కించారు. హార్మోన్లతో సంబంధం లేని క్యాన్సర్లలో కూడా ఉపశమనం కనిపించింది. ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఆ తర్వాత కొన్నిచోట్ల సూది బదులు గామా నైఫ్ వాడారు, అంటే కోత లేకుండా బయటినుంచే ఆ గ్రంథి మీదికి గురిపెట్టే రేడియేషన్.

దీనికి రోగి చెల్లించే మూల్యమూ ఎక్కువే. తీరని దాహం, లీటర్లకొద్దీ మూత్రం, బతికినంతకాలం హార్మోన్ మాత్రలు. కంటినరాలు పక్కనే ఉంటాయి కాబట్టి చూపుకూ ముప్పే. అందుకే ఏ మందుకూ లొంగని నొప్పికే ఈ దారి.

మొదటి దారి మార్ఫిన్. నోటితో వేసుకునే ఈ మందును 1986లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి సిఫారసు చేసింది. దాన్ని తీసే నల్లమందు మన దేశంలోనే చట్టబద్ధంగా పండుతోంది. అయినా 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి జడిసి ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచడానికే వెనకాడాయి. 2014 సవరణతో అనుమతుల చిక్కు తగ్గింది, టెన్షన్ మాత్రం పోలేదు. ‘అలవాటైపోతుందేమో’ అని ఇంట్లోవాళ్లూ భయపడతారు. డాక్టరు చెప్పిన మోతాదులో క్యాన్సర్ నొప్పికి వాడేవారికి అది వ్యసనంగా మారడం అరుదు. మలబద్ధకం మాత్రం తప్పదు, దానికి మందు కలిపే ఇవ్వాలి.

కేరళ 2008లోనే పాలియేటివ్ వైద్యానికి, అంటే ముదిరిన జబ్బులో నొప్పీ బాధా తగ్గించే వైద్యానికి, ప్రభుత్వ విధానం తెచ్చుకుంది. మన దగ్గర నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రులతో సరిపెట్టకూడదు. కావలి, ఆత్మకూరు, దర్శి వంటి ఊళ్ల ప్రభుత్వాసుపత్రుల్లోనూ మార్ఫిన్ మాత్ర నిత్యం దొరకాలని, దాన్ని రాయడం తెలిసిన డాక్టరు, మంచం పట్టినవారి ఇంటికెళ్లి చూసే నర్సు ఉండాలని మేం కోరుతున్నాం. మాత్రలకు లొంగని నొప్పి ఉన్నవారిని పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి పంపే బాధ్యత కూడా ఆ డాక్టరుదే కావాలి. ఎక్కడికెళ్లాలో తెలియక చెన్నై రైలెక్కే పని ఆ కుటుంబాలకు పెట్టకూడదు.