స్నో ప్లౌ గారికి, మా బుల్లి పికప్ పడుతున్న పాట్ల గురించి

స్నో ప్లౌ గారూ,

బండి ముందు తగిలించి మంచు తోసుకునే బ్లేడు మీరు, గరాజ్‌లో పొడిగా, కింద చెక్కముక్కలు కూడా వేయించుకుని పడుకుని ఉన్నారు కాబట్టి క్షేమమే అనుకుంటున్నా. మిమ్మల్ని మోసే పికప్ మాత్రం బయట ఉంది, మీరొచ్చాక దానికి లోపల చోటెక్కడిది, రాత్రంతా పడిన మంచుకి దాని ముందేదో వెనకేదో తెలీట్లేదు, పొద్దున్నే మిమ్మల్ని తగిలించాలంటే ముందు దాన్ని పారతో తవ్వి తీయాలి. అంటే మంచు తీయడానికి మీరు, మీ దగ్గరికి రావడానికి బండి, బండిని బయటికి లాగడానికి నేనూ నా పారా. ఈ లెక్క కొనేటప్పుడు నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి, అది వేరే విషయం.

ముందు మీ పేరు దగ్గరే నాకో పేచీ ఉంది. ప్లౌ అంటే నాగలి కదా, నాగలన్నాక నేలలోకి దిగి దున్నాలి, మీరు చేసేదేమో చీపురు పని. అయితే మొదటి రోజు మాత్రం పేరు నిలబెట్టుకున్నారు, కాదనను. అది సీజన్‌లో మొదటి మంచు, నేలింకా గడ్డకట్టలేదు, మీ కింద షూస్ అని రెండు ఇనప పాదాలుంటాయని, బ్లేడుని అవి నేలకి కాస్త ఎత్తులో పట్టుకుంటాయని, వాటిని సెట్ చేయాలని నాకు తెలీదు, మీరు తిన్నగా లాన్‌లోకి దిగి బారెడు చాలు తీశారు, విత్తనాలు జల్లడం ఒక్కటే తక్కువ. అటుపక్క కంకర దారిలో ఉన్న కంకరంతా మంచుతో కలిపి గడ్డిలోకి ఊడ్చేశారు, మంచు కరిగాక నేను దాన్ని ఒక్కో రాయీ ఏరి వెనక్కి మోశాను.

కార్లకి మీలాంటివాళ్ళని కట్టడం ఈనాటిది కాదట, 1923లోనే నార్వేలో హన్స్, ఎవెన్ ఓవరాసెన్ అని అన్నదమ్ములిద్దరు కారుకి ప్లౌ తయారుచేశారు. వందేళ్ళు దాటిపోయింది, ఈపాటికి బండికీ మీకూ మధ్య ఏదో ఒక సర్దుబాటు వచ్చుండాలి కదా. పెద్ద ట్రక్కులతో వచ్చినట్టే ఉంది, వాటికి కంపెనీవాళ్ళే గట్టి స్ప్రింగులు, పెద్ద ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జ్ చేసేది) వేసి ప్లౌ ప్రెప్ ప్యాకేజీ అని అమ్ముతారు. బుల్లి పికప్‌ల దగ్గరికొచ్చేసరికి కొన్నిటి మాన్యువల్‌లో ప్లౌ పెట్టొద్దనే రాసుంటుంది. మాన్యువల్ చదివి బండి నడిపేవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు బరువు సంగతి. బ్రోషర్‌లో మీరు 150 కిలోలు. ఓస్ ఇంతేనా, ఇద్దరు మనుషులు ఎక్కినట్టు అనుకున్నా. కానీ ఆ ఇద్దరూ సీట్లో కూర్చోరు కదండీ, బంపర్‌కి అవతల గాల్లో వేలాడతారు. మీ బరువంతా ముందు చక్రాల యాక్సిల్‌కి ఇంచుమించు 1.2 మీటర్లు ముందుంది, మా బండి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం 3.2 మీటర్లు, ఒక రాత్రి నిద్రపట్టక కాగితం మీద లెక్కేశాను, మిమ్మల్ని పైకెత్తినప్పుడు ముందు యాక్సిల్ మీద పడేది 150 కాదు, 206 కిలోలు. మిగతా 56 ఎక్కణ్ణించి వచ్చిందంటే వెనక చక్రాల దగ్గర లాక్కున్నారు. కావిడికి ఒక్కవైపే కుండ కడితే రెండోవైపు ఎలా లేస్తుందో అలా వెనక భాగం తేలిపోయింది, తోయాల్సిన టైర్లు గాల్లో గాలి తింటున్నాయి, ముందు టైర్లు మాత్రం గడప దాటలేని ముసలాయన మోకాళ్ళలా వణుకుతున్నాయి.

దానికి మందు వెనక బరువు కట్టడం. సరే అని 100 కిలోల ఇసుక బస్తాలు తెచ్చి టెయిల్‌గేట్‌కి ఆనించి, బ్రేక్ కొడితే ముందుకి జారి వచ్చి క్యాబిన్‌కి గుద్దుకోకుండా కట్టాను. వెనక యాక్సిల్‌కి అవతల పెట్టాలి, అలా పెడితేనే ముందు కాస్త లేస్తుంది. ఎంత లేచిందంటారా, లెక్కలో 30 కిలోలు. మీకోసం 100 కిలోలు మోస్తే 30 తగ్గింది, ఇదీ మీతో వ్యవహారం. పైగా ఆ బస్తాలు తడిసి రాళ్ళయిపోయాయి, టైరు జారినప్పుడు కింద నాలుగు గుప్పెళ్ళు ఇసుక చల్లుదామని వెళ్తే సుత్తి పట్టుకుని కొట్టాల్సొచ్చింది.

డ్రైవర్ డోర్ తీస్తే అంచున ఒక స్టిక్కర్ ఉంటుంది చూడండి, ముందు యాక్సిల్ ఎంత మోయగలదు, మొత్తం బండి ఎంత మోయగలదు అని. బండి కొన్న ఇన్నేళ్ళలో ఆ డోర్ కొన్ని వేలసార్లు తీసి ఉంటాను, దాన్ని చదివింది మాత్రం మీరొచ్చిన మూడో వారం, మోకాళ్ళ మీద కూర్చుని, టార్చ్ వేసుకుని. అప్పటికే నేను తెలివిగా ముందు స్ప్రింగులకి తోడుగా హెల్పర్లు వేయించి ఉన్నా, ముక్కు లేచింది, బండి మళ్ళీ మగాడిలా నిలబడింది అని మురిసిపోయా కూడా. స్ప్రింగు వేస్తే ముక్కు లేస్తుంది గానీ స్టిక్కర్ మీద అంకె మారదు అని అప్పుడు అర్థమైంది, యాక్సిల్, బేరింగులు, బాల్ జాయింట్లు, బ్రేకులు అన్నీ పాతవే, అవి పాత బరువుకే ఒప్పుకుని వచ్చాయి. ఆ లెక్కలో నేనూ ఉన్నాను, నేనూ సీట్లో కూర్చోవాలి కదా. మీరు బరువు తగ్గరు కాబట్టి నన్ను తగ్గమన్నట్టుంది ఆ స్టిక్కర్.

తగిలించడం గురించి కొంచెం మాట్లాడుకుందాం. వీడియోలో ఒకాయన మిమ్మల్ని రెండు నిమిషాల్లో తగిలించేశాడు. ఆయన వెనక ఎండ కాస్తోంది, నేల అద్దంలా చదునుగా ఉంది, చేతికి గ్లోవ్స్ కూడా లేవు. నేనేమో తెల్లవారుజామున చీకట్లో, అట్టముక్క పరిచి దాని మీద వెల్లకిలా పడుకుని, టార్చ్ పళ్ళమధ్య కరిచి పట్టుకుని, మీ కాలికీ బండి మౌంట్‌కీ ఉన్న రెండు రంధ్రాలు ఎదురెదురు వచ్చేదాకా బండిని ఒక అంగుళం ముందుకి, దిగి చూసి, మళ్ళీ అర అంగుళం వెనక్కి. ఎడమవైపు కుదిరితే కుడివైపు కుదరదు. ఆ రంధ్రాల్లో దూర్చే పిన్ను గ్లోవ్స్‌తో పట్టు దొరకదు, గ్లోవ్స్ తీస్తే ఆ ఇనుము వేళ్ళకి అతుక్కుంటుంది. ఆ ప్రయత్నంలోనే ఒక పిన్ను జారి మంచులో పడింది. టుప్‌మని చిన్న శబ్దం, చిన్న కన్నం, అంతే. తవ్విన కొద్దీ మంచే. ఆ పిన్ను ఇప్పటికీ దొరకలేదు, మీరు చూసే ఉంటారు, చెప్పరు.

అన్నీ కుదిరి వెనక్కొచ్చి హెడ్‌లైట్ వేస్తే వెలుగంతా మీ వీపు మీద పడి మళ్ళీ నా కళ్ళలోకే వచ్చింది. ముందు దారి లేదు, ఒక పసుప్పచ్చ రేకు తప్ప. అందుకని మీ నెత్తిమీద ఇంకో జత లైట్లు. ఆ లైట్లకి వైర్లు. మీరు లేవడానికి మోటారు, మీరు లేచే ఆ నాలుగు సెకన్లూ అది వందకి పైనే ఆంపియర్లు పీకుతుంది, హీటర్, వైపర్, లైట్లు అన్నీ ఒకేసారి గుడ్డిదీపాలవుతాయి, గుయ్యిమని ఒక మూలుగు, ఇంట్లో మిక్సీ వేస్తే బల్బు మిణుకుమన్నట్టు. ఒకరోజు ఆ మూలుగు కూడా రాలేదు. డ్రైవ్ వే నడిమధ్యన కిందకి దిగి అలాగే కూర్చున్నారు. ఫ్యూజులు చూశాను, మిమ్మల్ని లేపే పంపు నూనెలో నీళ్ళు చేరి గడ్డకట్టిందేమో అని అదీ చూశాను, చివరికి చూస్తే ముందు కనెక్టర్‌లోకి ఉప్పునీళ్ళు పోయి పచ్చగా చిలుము పట్టింది. వేలెడంత గ్రీజు రాసుంటే సరిపోయేదట. ఆ రోజు మిమ్మల్ని జాకీ పెట్టి లేపాను, గుర్తుందా.

ఇంకో వింత. బయట గడ్డకట్టే చలి, లోపల టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు నడుస్తోంది. కాస్త దూరంలో ఉన్న ఫ్రెండు ఇంటికి మిమ్మల్ని తిన్నగా పైకెత్తి తీసుకెళ్తున్నా, మీరేమో రేడియేటర్ ముందు తలుపులా నిలబడి గాలి మొత్తం ఆపేశారు. పక్కకి తిప్పి, రోడ్డుకి తగలనంత వరకు కిందకి దించితే ముల్లు తగ్గింది. మంచులో ఇంజిన్ కాగడం చూసినవాడు నా మొహం చూసి ఏమనుకున్నాడో.

పక్కకి తిప్పడం అన్నాను కాబట్టి ఇది కూడా. మీ పొడవు 6.5 అడుగులు. 30 డిగ్రీలు తిప్పితే మీరు ఊడ్చే వెడల్పు 5.6 అడుగులే. మా బండి టైర్లు ఈ చివరి నుంచి ఆ చివరికి 6 అడుగులు. అంటే మీరు తీసేయగా మిగిలిన అంచుని నా టైరే తొక్కుతుంది, తొక్కిన మంచు అట్టకట్టి ఐసయి మర్నాటికి నేలకి అతుక్కుంటుంది, దాన్ని మీరు గీకలేరు, మళ్ళీ నేనూ పారా. ఇంకొంచెం పొడుగు బ్లేడు తీసుకోవాల్సింది అంటారు, అది ఇంకొంచెం బరువు, మళ్ళీ ఆ స్టిక్కర్ దగ్గరికి వెళ్ళాలి.

అసలు తోసే సరుకు తక్కువేం కాదు. మా డ్రైవ్ వే 15 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, దాని మీద ఒక అడుగు మంచు పడితే 18 ఘనమీటర్లు, పొడి మంచు ఘనమీటరుకి 100 కిలోలు వేసుకున్నా 1,800 కిలోలు, ఇంచుమించు మా పికప్ అంత బరువు. తడి మంచయితే దానికి రెండింతలూ ఉండొచ్చు, ఇంకా పైనే ఉండొచ్చు. ఒకేసారి తోస్తే బండి గోవిందా, అందుకని పడుతుండగానే అరచెయ్యంత లోతుకొకసారి తీసుకుంటూ పోవాలి. పనయితే సులువే, కాకపోతే రాత్రి రెండింటికోసారి, అయిదింటికోసారి లేవాలి. మంచు తీసే శ్రమ తగ్గుతుందనే కదండీ మిమ్మల్ని తెచ్చుకున్నది. ఇంకోటి, మొదటి మంచునే చేతనైనంత దూరం తోసి పెట్టుకోవాలట, లేకపోతే పక్కన పోసిన గుట్ట గోడలా గడ్డకట్టి ప్రతిసారీ దారిని అటో చెయ్యి ఇటో చెయ్యి మింగుతుంది. అది నాకు జనవరి నెలాఖరుకి తెలిసింది, అప్పటికి మా డ్రైవ్ వే సైకిల్‌కి సరిపోయేలా ఉంది.

ముందుకి, ఆగు, రివర్సు, ఆగు, ముందుకి. గేర్‌బాక్సు ఏమంటోందో వినాలని లేదు. పూర్తిగా ఆగకుండా గేరు మార్చిన పాపం నాదే, కాదనను, చలిగా ఉంది, ఇంట్లోకి పోవాలని తొందర. కాంక్రీటు పలకల మధ్య లేచిన అంచుకి మీరు తగిలినప్పుడు మాత్రం మీకున్న స్ప్రింగు దయవల్ల మీ మొహం ముందుకి మడుచుకుని ధడేల్‌మని మళ్ళీ లేచింది. ఆ స్ప్రింగే లేకపోతే మడుచుకునేది బండి ఫ్రేమో, నా నడుమో. ఆ ఒక్క ఏర్పాటుకి మాత్రం మిమ్మల్ని మెచ్చుకోవాల్సిందే.

ఇంత చేసి, అంతా ఊడ్చి, చెమటతో లోపలికొచ్చి షూస్ విప్పుకుంటుంటే వీధి ప్లౌ వచ్చింది. మీ పెద్దన్నయ్య. రోడ్డు మీది మురికి ఐసు గడ్డలన్నీ తెచ్చి మా డ్రైవ్ వే మొదట్లో నడుమెత్తు గట్టు వేసి పోయాడు. మీరు ఆ గట్టుని రెండుసార్లు గుద్ది, దాని మీదకెక్కి ఆగిపోయారు. బండి పొట్ట గట్టు మీద, నాలుగు చక్రాలూ గాల్లో. ఫోర్ వీల్ ఉంది కదా అనకండి, నాలుగూ గాల్లో తిరిగితే నాలుగు ఫ్యాన్లు ఉన్నట్టే.

అప్పుడే పక్కింటి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, మీ ప్లౌ ఖాళీయేనా, పోతూ పోతూ మావైపు ఒక్క రౌండ్ వేసెళ్ళవా." మిమ్మల్ని కొన్నాకే నేను ఇంతమందికి అన్నయ్యనయ్యాను. అంతకుముందు తలెత్తి చూసినవాడు లేడు. "ఖాళీయే తమ్ముడూ, పూర్తిగా ఖాళీ, నేలకి కూడా తగలట్లేదు, నువ్వే ఒక పార తీసుకుని ఇటు రా" అన్నాను. సిగ్నల్ పోయిందన్నాడు.

మా ఆవిడ కిటికీ లోంచి అంతా చూసి, నేను లోపలికి రాగానే, "ఏమండీ, మంచు కోసం ప్లౌ కొన్నామా, ప్లౌ ఉంది కదా అని మంచు కోసం చూస్తున్నామా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే మొన్న వెదర్‌లో మంచు రాదని చెప్తే నేను నిజంగానే నిట్టూర్చాను, ఆవిడ విన్నది.

అమ్మేద్దామని ఒకసారి అనుకున్నా. ఫోటోలు కూడా తీశాను, మంచి యాంగిల్లో, కింద ఇసుక బస్తాలు కనపడకుండా. ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఏ బండికి వాడారు" అని అడిగాడు, నేను వేలు పెట్టి చూపించాను, ఆయన పికప్ వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ చూపు ఇంకా గుర్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఈ రాత్రికి ఇరవై సెంటీమీటర్లంటున్నారు, తడి మంచట. బస్తాలు కొట్టి వదులు చేశాను, కనెక్టర్‌కి గ్రీజు రాశాను, షూస్ రెండు వాషర్లు ఎత్తు పెంచాను, గట్టు జోలికి వెళ్ళకూడదని ఒట్టేసుకున్నాను. కుడివైపు పిన్ను బదులు బోల్టు ఒకటి దొరికింది, ఒక రవ్వ లావుగా ఉంది, కొడితే పట్టొచ్చు, పడితే మళ్ళీ రాకపోవచ్చు. అందుకని అడుగుతున్నా, ఆ పిన్ను ఎక్కడ పడిందో కనీసం ఎడంపక్కా కుడిపక్కా అన్నా చెప్పండి. పికప్ తవ్వడం అయ్యాక వస్తాను.

ఇట్లు,
పారతో బయటే ఉన్న
మీ ఓనర్ (కాగితాల్లో)