హేమంతం కనబడుట లేదు

వంగదేశంలో ఋతువులు ఆరని బెంగాలీ పంచాంగం చెబుతుంది. కాదు, నాలుగేనని వాతావరణ శాఖ లెక్క. మిగిలిన రెండింటి ఆచూకీ తీయడానికి ఎవరూ పూనుకోనందువల్ల, కోల్‌కతాలో అద్దెకుంటున్న తెలుగువాడినైన నేను ఈ విచారణకు దిగవలసి వచ్చింది.

మనకు ఏడాది వసంతంతో, వేపపువ్వుతో మొదలవుతుంది. బెంగాలీలు వసంతాన్ని ఫాల్గుణ చైత్రాలలో, అంటే ఏడాది చివర కూర్చోబెట్టి, ఏప్రిల్ నడుమ గ్రీష్మంతో సంవత్సరాదికి స్వాగతం పలుకుతారు. కొత్త బట్టలు చెమటకు తడిసి వీపుకు అంటుకుపోతున్నా నవ్వుతూ శుభాకాంక్షలు చెప్పుకోగలిగిన ఆ ఓర్పుకు నమస్కరించవలసిందే. కాలబైశాఖి అనే వేసవి గాలివాన పేరులో వైశాఖం ఉన్నది గాని, దానికి పంచాంగం మీద బొత్తిగా గౌరవం లేదు. ఛోటా నాగపూర్ వైపు మబ్బులు పెరిగిన ఏ సాయంత్రమైనా, అది చైత్రమైనా సరే, వాయవ్యం నుంచి వచ్చిపడి డాబా మీద ఆరేసిన చీరలను పక్క వీధికి పంచిపెట్టి పోతుంది.

వర్ష ఋతువుకు ఆషాఢ శ్రావణాలు రెండే కేటాయించారు. ఈ సంగతి వానకు ఎవరూ తెలియజేసినట్టు లేదు. భాద్రపదం రాగానే శరత్తు, నీలాకాశం, దూదిపింజల మబ్బులు, రెల్లుపూలు, పారిజాతాలు అని కవులంతా ఏకగ్రీవంగా తీర్మానించారు. మా ఇంటి యజమాని కూడా, వీధిలో మోకాటిలోతు నీళ్లలో గొడుగు పట్టుకుని నిలబడి, "శరత్తు వచ్చేసిందండీ" అని నాకు ఆనందంగా ప్రకటించారు. వాతావరణ శాఖ సెప్టెంబరును ఇంకా రుతుపవనాల ఖాతాలోనే రాస్తున్నదని చెప్పి ఆయన మనసు నొప్పించలేకపోయాను.

శీతకాలం మీద నాకు ఫిర్యాదు లేదు. ఈతచెట్లకు రాత్రి కట్టిన కుండలలోని నీరాను తెల్లవారాక కాచి చేసే నలెన్ గుడ్ అనే బెల్లం ఒక్కటి చాలు, ఆ ఋతువు ఉన్నదనడానికి. అదే చెట్టు మన ఊళ్లలో కల్లు మాత్రమే ఎందుకు ఇస్తున్నదో వేరే వ్యాసంలో విచారించుకుందాం.

చిక్కంతా హేమంతంతోనే. కార్తీకం, అగ్రహాయణం (అంటే మన మార్గశిరం) దానివి. పల్లెల్లో కొత్తబియ్యంతో నబాన్న పండుగ చేసుకుంటారు కనుక అక్కడ దానికి చిరునామా ఉన్నట్టే. నగరంలో ఎక్కడుంటుందని యజమానిని అడిగాను. ఆయన ఆలోచించి, గోడమీది ఫ్యాను రెగ్యులేటరును ఐదు నుంచి మూడుకు తిప్పి, "ఇదే" అన్నారు. మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి ఫ్యాను ఆగిపోయి ఉన్నది, ఆయన మంకీ క్యాపులో ఉన్నారు.