మా ల్యాబులోని అల్ట్రాసోనిక్ ఇంటర్‌ఫెరోమీటర్ గారికి

అయ్యా,

నిన్న మధ్యాహ్నం రెండు గంటల నుంచి అయిదు వరకు తమ సన్నిధిలో మైక్రోమీటరు మర తిప్పి తిప్పి బొటనవేలు బొబ్బలెక్కించుకున్న నెల్లూరు ఎమ్మెస్సీ విద్యార్థి విన్నవించుకునేది. నడుమ కరెంటు పోయింది, మీటరు ముల్లు పదిహేడోసారి గరిష్ఠానికి ఎగసిన చోట లెక్క తప్పింది. వాటిని తమ ఖాతాలో వేయను.

నీటిలో ధ్వని వేగం కొలిచే విషయంలో తమరు నిజాయతీపరులే. 2 మెగాహెర్ట్‌జ్ ధ్వనిని పుట్టించే స్ఫటికం ముందు, ఆ ధ్వనిని వెనక్కి తిప్పికొట్టే పలక 0.38 మిల్లీమీటర్లు జరిగినప్పుడల్లా ఒక గరిష్ఠం వచ్చింది. అది అర తరంగదైర్ఘ్యం కనుక రెట్టించి పౌనఃపున్యంతో హెచ్చవేస్తే సెకనుకు 1520 మీటర్లు తేలింది. 35 డిగ్రీల నీటికి రావలసింది అంతే. సీనియర్ల రికార్డులన్నింటిలో ఉన్న 1480 మాత్రం 20 డిగ్రీల నీటిది. మే నెల నెల్లూరులో ఆ వేడిమి వారికి ఏ ఫ్రిజ్‌లో దొరికిందో!

నా బాధంతా క్షీణత గురించి, అంటే దారిలో ధ్వని బలం తగ్గిపోవడం గురించి. పలకను రెండు సెంటీమీటర్లు పైకి జరిపేసరికి గరిష్ఠాల దగ్గర ముల్లు 60 మైక్రోఆంపియర్ల నుంచి 35కు దిగజారితే, ఆ శక్తినంతా నీరు పీల్చుకుందని రాయమంటారు. నీరు అంత తిండిపోతా? నీటిలో శోషణ పౌనఃపున్యం వర్గాన్ని బట్టి పెరుగుతుంది; 2 మెగాహెర్ట్‌జ్ దగ్గర తరంగం 10 సెంటీమీటర్లు నడిచినా కంపన పరిమితి (అల ఎత్తు) నూటికి ఒక వంతుకు మించి తగ్గదు. 20 మెగాహెర్ట్‌జ్ అయితే శోషణ నూరు రెట్లవుతుంది, అప్పుడు రెండు సెంటీమీటర్లలో కూడా నష్టం కంటికి ఆనుతుంది. తమకు ఆ తాహతు ఎక్కడిది? మరి నా 25 మైక్రోఆంపియర్లు ఎవరు మింగినట్టు?

ఆడలేక మద్దెల ఓడంటున్నానని తమరు నవ్వవచ్చు. ఇక్కడ ఓడు మద్దెలే. నీ పలక స్ఫటికానికి సమాంతరంగా లేదు, వంకరగా ఉంది! పరావర్తనమైన తరంగం పక్క గోడకు కొట్టుకుంటోంది, పలక అడుగున బుడగలు పట్టుకుని వేలాడుతున్నాయి. నీ వంకరంతా ట్రంకు రోడ్డు బ్యాటరీ కొట్లో నా డబ్బుతో కొన్న డిస్టిల్డ్ వాటర్ మీదకు తోశావు. నేను దాన్ని "నీటి శోషణ గుణకం" అని రాసి సంతకం పెట్టించుకోవాలా?

సోమవారం మళ్లీ నీతోనే పని, వేరే పరికరం మా ల్యాబులో లేదు. నీళ్లు కాచి, చల్లార్చి, బుడగ లేకుండా తెస్తాను. ఆ పలకను బిగించే మర ఎక్కడుందో చూపించు, చాలు.

ఇట్లు,
రెండో బ్యాచ్, మూడో టేబుల్