గీత కొట్టిన పేరు

(ఓడ దిగిన ముత్తాతతో మొదలై, యుద్ధం నుంచి తిరిగొచ్చిన మునిమనవడు అదే గుడిలో మోకరించడంతో ముగిసే అమెరికా క్రైస్తవ నవలలంటే మా మేనత్తకు ప్రాణం. ఇప్పుడు తానే ఒకటి రాయాలని పూనుకుంది: పద్దెనిమిదో శతాబ్దపు అమెరికా బోధకుడు జోనాథన్ ఎడ్వర్డ్స్ వంశం కథ, స్త్రీల సమాజం పత్రికలో ధారావాహికగా. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. ఈ వాదన మా వరండాలో జరిగింది. రాసింది నేను గనుక, నా మాటలు అక్కడికంటే ఇక్కడ కాస్త పదునుగా ఉంటే ఉండవచ్చు.)

అత్తయ్య: మొదటి అధ్యాయంలోనే ఆ లెక్క పెడతాను. దేవుణ్ని నమ్మిన ఎడ్వర్డ్స్ సంతానంలో కళాశాల అధ్యక్షులు, జడ్జీలు, వైద్యులు, దేశానికి ఒక ఉపాధ్యక్షుడు. నమ్మని మాక్స్ జ్యూక్స్ సంతానంలో దొంగలు, తాగుబోతులు. చిన్నప్పటి నుంచి ఎన్ని ప్రసంగాల్లో విన్నాను!

అల్లుడు: ఆ ఉపాధ్యక్షుడి పేరు కూడా వేస్తారా?

అత్తయ్య: పేరెందుకురా?

అల్లుడు: ఆరన్ బర్. ఎడ్వర్డ్స్‌కు స్వయానా కూతురి కొడుకు. 1804లో, ఉపాధ్యక్ష పదవిలో ఉండగానే, ద్వంద్వయుద్ధంలో అలెగ్జాండర్ హామిల్టన్‌ను కాల్చి చంపాడు. 1807లో దేశద్రోహం కేసులో బోనెక్కి, నిర్దోషిగా బయటపడ్డాడు. మీ లెక్కలో ఆయన ఆశీర్వాదం కింద జమ. ఇక జ్యూక్స్ అంటారా, అది అసలు ఇంటిపేరే కాదు. డగ్‌డేల్ అనే ఆయన 1877లో అచ్చువేసిన పుస్తకంలో, చుట్టరికం కలిసిన అనేక కుటుంబాలకు కలిపి పెట్టిన మారుపేరు. 1900లో విన్‌షిప్ అనే మరొకాయన దాన్ని తెచ్చి ఎడ్వర్డ్స్ వంశం పక్కన నిలబెట్టాడు. మంచీ చెడూ రక్తంలోనే ఉంటాయని, పేదలకు పిల్లలు పుట్టకుండా చేయాలని వాదించినవాళ్లు ఆ జ్యూక్స్ కథనే చేతపట్టుకుని తిరిగారు. దాన్ని మనం ఆదివారం పూట పిల్లలకు చెబుతున్నాం.

అత్తయ్య: (కాసేపాగి) సరే, ఆ లెక్క తీసేస్తాను. కానీ ఆ బర్‌ను వెక్కిరిస్తే ఊరుకోను. 1757 సెప్టెంబరులో తండ్రి పోయాడు. 1758 మార్చిలో తాత, ప్రిన్స్‌టన్ కళాశాలకు అధ్యక్షుడిగా వచ్చిన కొద్ది వారాలకే మశూచి టీకా వికటించి పోయాడు. ఏప్రిల్‌లో తల్లి ఎస్తేరు. అక్టోబరులో అమ్మమ్మ సారా. అప్పటికి బర్‌కు మూడేళ్లు కూడా నిండలేదు. నీకు పిస్తోలు కనిపించింది. నాలుగు శవపేటికల మధ్య తప్పటడుగులు వేస్తున్న పిల్లవాడు కనిపించలేదు. ఆ ఎస్తేరు 1754 నుంచి 1757 దాకా బోస్టన్‌లోని స్నేహితురాలి కోసం డైరీ రాసింది. చంటిబిడ్డలు, వచ్చిపోయే అతిథులు, తీరని పని, మధ్యలో ప్రార్థన. నీ చరిత్ర పుస్తకాల్లో ఆవిడకు ఎంత చోటుంది? ‘బర్ తల్లి’ అని ఒక ముక్క. ఆవిడ వంటింట్లోకి వెళ్లేది నవల ఒక్కటే.

అల్లుడు: ఆ దెబ్బ తగిలింది, కాదనను. అయినా నా అభ్యంతరం బర్ గురించి కాదు, ‘తరతరాల విశ్వాసం’ అన్న మీ శీర్షిక గురించి. మాసచూసెట్స్‌లో దిగిన మొదటి తరం, తమకు మారుమనస్సు ఎలా కలిగిందో సంఘం ముందు సాక్ష్యం చెప్పనిదే ఎవరినీ సభ్యుడిగా చేర్చుకోలేదు. వాళ్ల పిల్లలు బాప్తిస్మం పొందారు, బుద్ధిగా గుడికి వచ్చారు, కానీ చెప్పుకోవడానికి సాక్ష్యం లేదు. మరి ఈ పిల్లలకు పుట్టిన పిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా, వద్దా? 1662లో సంఘ కాపరులు బోస్టన్‌లో కూర్చుని మధ్యేమార్గం తీశారు. తల్లిదండ్రులు నడవడి బాగుండి నిబంధనకు ఒప్పుకుంటే బిడ్డకు బాప్తిస్మం ఇస్తారు, వాళ్లకు మాత్రం ప్రభువు బల్ల దగ్గర, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారంలో, చోటు లేదు. సగం నిబంధన అని దాన్ని పిలిచారు. అంటే ఓడ దిగిన నలభై ఏళ్లలోపే, మనవల దగ్గరే చిక్కు వచ్చిపడింది. మీ నవలల్లో అయిదు తరాలు అవలీలగా దాటుతుంది!

ఇంకా వినండి. ఎడ్వర్డ్స్ తల్లికి తండ్రి, సాలమన్ స్టాడర్డ్. నార్తాంప్టన్‌లో ఆయన మరో అడుగు ముందుకు వేసి, సత్ప్రవర్తన ఉన్నవాళ్లందరినీ బల్ల దగ్గరికి రానిచ్చాడు. అక్కడే మారుమనస్సు కలగవచ్చు కదా అన్నాడు. 1729లో ఆయన పోయాక ఆ పీఠం మనవడికి వచ్చింది. మనవడు చాలా ఏళ్లు తాత పద్ధతే నడిపి, చివరికి అడ్డం తిరిగాడు. హృదయం మారిందని ఒప్పుకోలు చేయనివాళ్లకు సంస్కారం ఇవ్వనన్నాడు. ఉజ్జీవ దినాల్లో ఆయన ప్రసంగాలకు కన్నీళ్లు పెట్టుకున్న ఊరే 1750లో ఓట్లు వేసి ఆయన్ను వెళ్లగొట్టింది. విశ్వాసం వారసత్వంగా రాదని పట్టుబట్టి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని పట్టుకొచ్చి, మీరు వారసత్వానికి నమూనాగా నిలబెడుతున్నారు అత్తయ్యా!

అత్తయ్య: ఊపిరి తీసుకో. పౌలు తిమోతికి రాస్తూ అవ్వ లోయిని, తల్లి యునీకేను ఎందుకు తలచుకున్నాడు? రక్తంలో వస్తుందని నేనన్నానా? ఎవరో కూర్చోబెట్టి నేర్పాలి. మా నాన్న రోజూ రాత్రి లాంతరు పెట్టి అందరిచేతా కీర్తన వల్లె వేయించేవాడు. నీకు ఇరవై మూడో కీర్తన ఇవాళ్టికీ నోటికి వస్తోందంటే ఎవరి పుణ్యం?

అల్లుడు: ఆ తాతయ్యే మన బైబిలులో ఇంకో పని కూడా చేశాడు. పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య ఖాళీ పేజీలో ఇంటి పుట్టుకలన్నీ రాసి ఉన్నాయి. మూడో వరుసలో బాబాయి పేరు మీద నల్ల సిరా గీత. పాళీ దిగబడి కాగితం చిరిగింది కూడా.

అత్తయ్య: ఆ గొడవ ఇప్పుడెందుకు?

అల్లుడు: రిజిస్టరు పెళ్లి చేసుకుని గుడి మానేశాడు. అంతేగా ఆయన చేసిన నేరం?

అత్తయ్య: నేరమని నేనన్నానా? వాడు నా తమ్ముడు. ఏటా క్రిస్మస్‌కు అరిసెలు పంపింది ఎవరు? మీ నాన్న ఒక్కసారైనా వాడి గుమ్మం తొక్కాడా?

అల్లుడు: నాన్న సంగతి కాదిప్పుడు...

అత్తయ్య: ఎందుకు కాదు? గీత కొట్టినాయన పోయి ఇరవై ఏళ్లయింది. బైబిలు మీ ఇంటి బీరువాలోనే ఉంది. పక్కన మళ్లీ పేరు రాయవద్దని మీ చెయ్యి పట్టుకున్నదెవరు?

(నా దగ్గర సమాధానం లేదు. అందుకే మళ్లీ ఎడ్వర్డ్స్ ఇంటికి పోయాను.)

అల్లుడు: ఆ ఇంటి పుట్టుకల్లో చోటు లేనివాళ్లు ఇంకా ఉన్నారు. 1731లో ఎడ్వర్డ్స్ న్యూపోర్ట్ వెళ్లి 80 పౌండ్లకు వీనస్ అనే నల్లజాతి అమ్మాయిని కొన్నాడు. వయసు పద్నాలుగు. రసీదు ఇవాళ్టికీ ఉంది. ఆయన పోయాక రాసిన ఆస్తి జాబితాలో టైటస్ అనే కుర్రవాడున్నాడు. మన బైబిలులో తీతు అంటామే, ఆ పేరే. పౌలు పత్రిక అందుకున్నవాడి పేరు ఆస్తుల పట్టీలో! తర్వాతి శతాబ్దంలోనూ అంతే. 1850, 1860 జనాభా లెక్కల బానిసల పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు రాశారు, వాళ్ల పేర్లు రాయలేదు. వాళ్లలో చాలామంది పేర్లు 1870లోగానీ లెక్కల్లోకి ఎక్కలేదు. అయిదు తరాల కథ రాయాలంటే కాగితాలు కావాలి, అవి ఎవరి దగ్గరున్నాయో చూడండి.

అత్తయ్య: నువ్వు చెప్పకముందే చిన్న జోనాథన్ గురించి చదివాను. ఎడ్వర్డ్స్ కొడుకు. స్టాక్‌బ్రిడ్జ్‌లో మోహికన్ అనే స్థానిక తెగ పిల్లలతో ఆడుకుంటూ వాళ్ల భాషే మాట్లాడుతూ పెరిగాడు. పదమూడేళ్లు నిండి కొద్ది నెలలయ్యేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. 1791లో, బానిస వ్యాపారం అన్యాయమని ప్రసంగించి అచ్చువేయించాడు. ఏ బైబిలు పట్టుకుని? తండ్రి చదివిందే. తండ్రి ఇంట్లో జరిగినదాన్ని తప్పనడానికి కొడుకుకు వేరే పుస్తకం అవసరం కాలేదు. ఇది తరతరాల విశ్వాసం కాకపోతే మరేమిటో నువ్వే చెప్పు.

అల్లుడు: (తగ్గి) ఆ నవలైతే నేనే ప్రూఫులు దిద్దిపెడతాను. అందులో వీనస్ ఉంటుందా?

అత్తయ్య: ఉంటుంది. మోకాళ్లూని యజమాని కోసం ప్రార్థించే ఘట్టం మాత్రం రాయను. నేను చదివినవాటిలో చాలాచోట్ల అది ఉంది. ఆ అమ్మాయి ఏం ప్రార్థించిందో, అసలు ప్రార్థించిందో లేదో నాకేం తెలుసు?

అల్లుడు: ఎడ్వర్డ్స్ ఏం ప్రార్థించాడో తెలుసా?

అత్తయ్య: ఆయన రాసిపెట్టుకున్నాడు కదరా.

అల్లుడు: నేనూ అదే అంటున్నాను.

అత్తయ్య: అన్నావులే. రేపు వచ్చేటప్పుడు ఆ బైబిలు పట్టుకురా.

అల్లుడు: దేనికి?

అత్తయ్య: మా తమ్ముడు పుట్టిన తేదీ నాకు గుర్తుంది. మీ నాన్నకు గుర్తుండదు.