బోర్డుగారికి ఒక పెద్దకోడలు వ్రాయునది

మహారాజశ్రీ ‘బయటి తినుబండారములు లోనికి అనుమతింపబడవు’ బోర్డు గారి దివ్యసముఖమునకు,

కొత్తపేట దగ్గర ఓ పల్లెటూరి ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మా చిన్నాడి కడుపు కూడా నిన్నటికి కుదుటపడింది.

ముక్కనుమ నాడు తమరి థీమ్ పార్కుకి వచ్చినవాళ్ళం. రోజూ అంతమంది తమరి కింద నుంచి పోతుంటారు, ఎవరని గుర్తుపెట్టుకుంటారు! ఆనవాలు చెప్తాను. తొంభైకి దగ్గర పడ్డ మామ్మగారు, ఆవిడ కొడుకూ కోడలూ, అంటే మా మావగారూ అత్తగారూ, మేము, మరిదివాళ్ళు, ఆడపడుచు, అల్లుడుగారు, అందరి పిల్లలూ. మనుషుల కంటే సంచులు ఎక్కువ దిగిన బండి మాదే.

పార్కు ఆలోచన మా మరిదిది. హైదరాబాదు నుంచి పండక్కి వచ్చి, ‘ఎప్పుడూ తీర్థాలూ కోడిపందేలేనా, పిల్లలకి ఓ మంచి పార్కు చూపిద్దాం’ అన్నాడు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి మావగారు ముక్కనుమకి ముహూర్తం పెట్టారు. (కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళొచ్చాం. అది ప్రయాణం కింద లెక్క కాదు.) జిల్లా జనమంతా అదే ముహూర్తం పెట్టుకున్నారని జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటాక గానీ తెలియలేదు. మొన్నమొన్నటి దాకా వరిచేలున్న చోట అంత పార్కింగు, అందులో సూది దూరే సందు లేదు.

తెల్లవారుజామునే లేచి అత్తగారూ నేనూ తోటికోడలూ బేసినుడు పులిహోర కలిపాం. దద్దోజనం వేరే. కనుమ గారెలు మిగిలితే పెరుగులో వేశాం, ఆవడలైపోయాయి. అరిసెలు, పాకుండలు, జంతికలు పండగవే ఉన్నాయి. అల్లుడుగారు వస్తున్నారని ఆత్రేయపురం పూతరేకులు ప్రత్యేకం తెప్పించాం. అల్లుడు ఎక్కిన బండిలో తిండికి లోటొస్తే గోదావరి జిల్లాల్లో ఆ ఇంటివాళ్ళు మళ్ళీ తలెత్తుకు తిరగలేరు. తమరు బోర్డు కాబట్టి తమరికి అల్లుళ్ళ టెన్షన్ ఉండదు, అదృష్టవంతులు.

గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు సంచి విప్పాడు. పాపం, వాడూ మనవాడే. ‘ఆయ్, మాది మండపేటేనండి. ఏమనుకోకండి, రూలండి’ అంటూనే పూతరేకుల డబ్బా మూత తీశాడు. తెల్లకాగితాల్లాంటి ఆ రేకులు చూసి చెయ్యి ఆగిపోయింది. వేలు తగిలితే పొడవుతుందని వాడికీ తెలుసు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మిఠాయి అది, ప్రభుత్వమే ముద్ర వేసింది. తమరి ముద్ర మాత్రం పడలేదు. వాడు మూత పెట్టేసి, మొహం పక్కకి తిప్పుకుని, ‘లోపలికి వద్దండి’ అన్నాడు. అంత బాధగా వద్దన్న మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదు.

ఇలా ఎలా ఆపుతారని నేను అంటే, మా మరిది ఫోను తీసి వెతికి చదివాడు. 2023 జనవరిలో సినిమా హాళ్ళ కేసులో సుప్రీంకోర్టు, బయటి తిండి ఆపే హక్కు హాలు యజమానికి ఉందని చెప్పిందట. జిలేబీలు తెచ్చుకు తిని ఆ జిగురు వేళ్ళు సీట్లకి తుడిస్తే ఎలా అన్న ప్రశ్న కూడా విచారణలో వచ్చిందట. మామ్మగారు వెంటనే, ‘మనలో జిలేబీ ఎవడు తెచ్చాడ్రా? ఇవి పూతరేకులు కదా’ అన్నారు. ఈ వాదన కోర్టు దాకా వెళ్ళకపోవడం మా దురదృష్టం.

మా తోటికోడలు కూతురు లా చదువుతోంది. దాని దగ్గర ఇంకో కబురుంది. షాంఘై డిస్నీల్యాండులో చిరుతిళ్ళ సంచి ఆపారని ఒక లా విద్యార్థి 2019లో కోర్టుకెక్కితే, ఆ ఏడే వాళ్ళు మెత్తబడి ఇంటి తిండి రానిచ్చారట. 1955లో తెరిచిన కాలిఫోర్నియా డిస్నీల్యాండు గాజు సీసాలు వద్దంటుంది గానీ తిండి తెచ్చుకుంటే ఏమీ అనదట. అంటే తమరి వంశంలో పెద్దవాళ్ళకి లేని పట్టుదల తమరికి వచ్చిందన్నమాట. చిన్న సంసారాల్లోనే పట్టింపులెక్కువని మా అత్తగారు ఊరికే అనరు.

అంతదూరం ఎందుకు, తమరి పొరుగు సంగతే చెప్తాను. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారని (1841–1909) ఉండేవారు. వేళాపాళా లేకుండా, కులం గోత్రం అడక్కుండా, వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టారు. పి.గన్నవరంలో కాలువని గోదావరి పాయ మీదుగా దాటించే అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు, ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆవిడ గుమ్మానికి ఒక్క బోర్డైనా లేదు. వ్యాపారం తెలియని మనిషి, ఏం చేస్తాం.

తమరి కింద చిన్న అక్షరాల్లో ‘పసిపిల్లల ఆహారము, మందులు మినహా’ అని ఉందని మొదట చూసింది మామ్మగారే. కళ్ళజోడు లేకుండా చదివారు. కుర్రాణ్ణి పిలిచి, ‘ఒరే నాయనా, నాకూ పళ్ళు లేవు. నేనూ మెత్తటిదే తింటాను, పైగా షుగరుంది. ఏ వయసుతో పసితనం అయిపోతుందో ఇందులో రాసుందేమో చూడు’ అన్నారు. వాడు మమ్మల్ని చూశాడు, తమర్ని చూశాడు, వాకీటాకీ తీశాడు. ‘సార్, ఇక్కడో మామ్మగారండి. పళ్ళు లేవంటన్నారండి. ఆయ్. లేదండి, ఒక్కటీ లేదండి, నేను చూశానండి.’ అటువైపు చాలాసేపు చప్పుడు లేదు. చివరికి దద్దోజనం గిన్నె ఒక్కటి మందుల ఖాతాలో లోపలికొచ్చింది.

మిగతావాటికి తమరు చూపిన దారి లాకరు. అద్దె కట్టి జంతికలకి గది తీసుకోవాలి. మా మావగారు జీవితంలో హోటల్ గది తీసుకోని మనిషి, జంతికలకి తీసుకోమంటే ఒప్పుకుంటారా? ‘తినేసి పోదాం పదండి’ అన్నారు. పార్కింగులో బండి నీడన దుప్పటి పరిచి, పొద్దున్న పదింటికి, పగలంతా తినాల్సింది కూర్చున్నపళాన తిన్నాం. పక్క బళ్ళ డ్రైవర్లకి పెట్టాం, పార్కింగ్ చీటీలు చింపే అబ్బాయికి పెట్టాం, ముమ్మిడివరం నుంచి మాలాగే సంచులతో వచ్చి దిగాలుగా నిలబడ్డ ఇంకో కుటుంబాన్ని పిలిచి కూర్చోబెట్టాం. వాళ్ళ కొబ్బరి లౌజు మాకొచ్చింది, మా ఆవడలు వాళ్ళకెళ్ళాయి. ‘అల్లుడుగారూ, ఇంకొక్కటి’ అంటే అల్లుడుగారు కాదనలేదు. అనలేరు కూడా.

అలా సంచుల్లో ఉన్న బయటి తిండి మా పొట్టల్లో సర్దుకుని, టిక్కెట్టు చూపించి, తమరి కిందనుంచే దర్జాగా లోపలికొచ్చింది. తమరు పట్టుకోలేకపోయారు.

పట్టుకున్నది కొలంబస్. పడవలా ఇటు నుంచి అటు ఊగుతుందే, అది. ఎండలో అంతసేపు లైన్లో నిలబెట్టారు కదా, ఊరికే దిగి ఎలా వస్తాం? మూడో ఊపుకి మా చిన్నాడు పులిహోర మొత్తం తమరికి అప్పగించేశాడు, వేరుసెనగ గుళ్ళతో సహా. అల్లుడుగారి విషయం ఉత్తరంలో రాయకూడదు. తుడవడానికి వచ్చిన అమ్మాయి నావైపు చూసిన చూపు తమరి తరఫున నేను భరించాను. పరిశుభ్రత దృష్ట్యా అని తమరి మీద రాసి ఉంటుంది, ఆ అమ్మాయికి చదివి వినిపించండి ఒకసారి.

నీళ్ళ జారుళ్ళూ, దెయ్యాల ఇల్లూ, రంగులరాట్నం సంగతి రాయను. లైన్లు చూశాం, బాగున్నాయి.

మధ్యాహ్నం పిల్లలకి మళ్ళీ ఆకలేసి ఫుడ్ కోర్టుకి వెళ్ళాం. అక్కడి పట్టికలో పులిహోర ఉంది! చిన్న కప్పు నూట నలభై రూపాయలు. కరివేపాకు లెక్కపెట్టి వేసినట్టుంది. సీలు వేసిన సీసా మీదైతే ఎమ్మార్పీ అచ్చేసి ఉంటుంది, పులిహోరకి ఏముంటుంది? లోపల అన్నీ వేడివేడిగా ఎందుకు అమ్ముతారో నాకప్పుడు అర్థమైంది. మావగారు రేటు రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ‘పొద్దున బేసినుడు పులిహోర అప్పనంగా తినేశాం, అమ్ముకునుంటే ఎకరం కౌలు వచ్చేసేదే’ అన్నారు. ఆ కప్పు కొనకుండా లేచారు గానీ, వెళ్ళేదాకా దానివంకే చూశారు.

అప్పుడు మామ్మగారు ఒళ్ళో కొంగు కింద నుంచి మందుల గిన్నె తీశారు. చుట్టూ చూశారు. ‘మాత్రలేసుకునే టైమైంది, రండి’ అన్నారు. పిల్లలు మూగారు, తర్వాత మేం మూగాం, చివర్న మావగారు కూడా చెయ్యి చాపారు. అల్లం ముక్కా ఆవాలూ తగులుతుంటే తలో ముద్దా అరచేతిలో వేసి, వేళ్ళు కొంగుకి తుడుచుకున్నారు. సీట్లకి తుడవలేదని కోర్టువారికి మనవి.

ఇక అసలు సంగతి. పార్కింగులో ఎంత తిన్నా పాకుండలు మిగిలిపోయాయి. ఆ డబ్బాని తమరి కింద బల్ల మీద కుర్రాడికి అప్పజెప్పి వెళ్ళాం. సాయంత్రం వచ్చేసరికి డ్యూటీ మారింది. కొత్తాయన ‘నాకు తెలీదండి’ అన్నారు. అది మామూలు డబ్బా కాదు. అత్తగారి పెళ్ళికి పుట్టింటివాళ్ళు సారెతో ఇచ్చిన స్టీలు డబ్బా, అడుగున ఆవిడ పేరూ, ఇంటిపేరూ, తేదీ చెక్కి ఉంటాయి. మూత ఓ పక్క కొంచెం సొట్ట.

పాకుండలు తిన్నవాళ్ళెవరైనా సరే, చల్లగా ఉండాలి. డబ్బా మాత్రం మూతతో సహా పంపించండి. మూత లేకుండా వస్తే అత్తగారే స్వయంగా బయల్దేరతానంటున్నారు, ఈసారి ఆవిడ టిక్కెట్టు తీసుకోరట.

ఇట్లు,
తమరి విధేయురాలు,
పెద్దకోడలు