పూడిక పేరు, ఇసుక బేరం

పెన్నాలో నీళ్లు తగ్గితే చాలు, నెల్లూరు జిల్లాలో ‘పూడికతీత’ మాట మొదలవుతుంది. జలాశయాల్లో నీరు నిలవాలి, ఇళ్లు కట్టుకునేవాళ్లకు ఇసుక దొరకాలి. రెండూ న్యాయమే, కాదనం. కానీ పూడిక ఎక్కడుంది? యంత్రాలు దిగేదెక్కడ?

వరద పెన్నా మీది సోమశిల జలాశయంలోకి రాగానే నెమ్మదిస్తుంది. బరువైన ఇసుక జలాశయం ఎగువనే దిగబడిపోతుంది. మెత్తటి ఒండ్రు డ్యాం దాకా వచ్చి అడుగున పేరుకుంటుంది. అనంతపురం, కడప చేలలోని భాస్వరం ఆ ఒండ్రును అంటిపెట్టుకునే వస్తుంది. ఒకప్పుడు వరదతో డెల్టా పొలాలకు చేరిన ఆ సారం ఇప్పుడు 78 టీఎంసీల జలాశయంలో చోటు తింటోంది. దిగువ రైతు భాస్వరం కోసం డీఏపీ బస్తా కొంటున్నాడు.

డ్యాం దాటాక కథ తిరగబడుతుంది. మట్టి వదిలేసిన తేట నీళ్లు అడుగునూ గట్లనూ కోస్తూ పోతాయి. బొగ్గేరు, బీరాపేరు ఉపనదులు తెచ్చిందీ, గేట్లెత్తినప్పుడు దాటొచ్చిందీ తప్ప నెల్లూరు వైపు నదికి కొత్త ఇసుక రాదు. అక్కడ ‘పూడిక’ తీయడమంటే నదిని తవ్వడమే.

ఈ పేరు ఊరికే పెట్టింది కాదు. ఇసుక తవ్వాలంటే పర్యావరణ అనుమతి కావాలి. నిర్వహణ కోసం జలాశయాలు, బ్యారేజీలు, నదుల్లో పూడిక తీస్తే అక్కర్లేదని కేంద్రం 2016లో మినహాయించింది, 2020లోనూ అదే కొనసాగించింది. ఆ జాబితాలోనే రోడ్లు, పైపులైన్ల లాంటి పనుల మట్టికిచ్చిన మినహాయింపును 2024 మార్చి 21న సుప్రీంకోర్టు కొట్టేసింది. పూడికది మాత్రం అలాగే ఉంది. పూడిక పేరుతో ఇసుక తవ్వే ఈ దొడ్డిదారి పెన్నాలో ఒక్క ఇసుక రీచ్‌లో చెల్లితే రేపు గుండ్లకమ్మలో చెల్లుతుంది, ఎల్లుండి మన్నేరులో, పాలేరులో చెల్లుతుంది. ఒకసారి చెల్లినదాన్ని మన దగ్గర ఎవరు ఆపారు?

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్టనే కోసుకుపోయిన జిల్లా ఇది. అయినా గట్లంటే లెక్క లేదు.

తేడా తేల్చడానికి కమిటీ అక్కర్లేదు, లారీ ఎక్కి చూస్తే చాలు. ఒండ్రు ఉంటే పూడిక, ఇసుకే ఉంటే తవ్వకం. చెరువు మట్టిని చేలోకి తోలుకునే రైతును కాగితాలకోసం తిప్పే అధికారులకు, ఇసుక లారీ ఎదురైతే మాత్రం కళ్లు ఎందుకు కనపడవు?